మంత్రిగారి ప్రింటరు, విశ్వాసమ్మ పట్ట

ఇకమీదట తన ముఖం మీద ప్రజాధనం వృథా కానివ్వనని రాష్ట్ర పొదుపు శాఖ మంత్రి మద్దిలేటయ్య గారు బహిరంగ సభలో ప్రకటించారు. నందికొట్కూరు అవతల ఉన్న ఆ చిన్న పట్నం జనం ఆలోచనలో పడ్డారు. మంత్రిగారి ముఖం మీద కాకపోతే ప్రజాధనం మరి దేని మీద ఖర్చవుతుందో వాళ్లకు తోచలేదు.

ముందుగా చప్పట్లు కొట్టింది ఏసన్న. పార్టీలో అతని పని అదే. ఏసన్న కొడితే వెనక వరస కొడుతుంది, వెనక వరస కొడితే సభ కొడుతుంది.

మంత్రిగారు మైకు సర్దుకున్నారు.

"ఏడాదికి మనం ఎన్ని ఫ్లెక్సీలు కొట్టిస్తాండామో మీకు తెలుసునా? పుట్టినరోజుకు, పెండ్లిరోజుకు, నాకు కాలు బెణికితే, ఆ బెణుకు నయమైతే! దుడ్లన్నీ ప్రైవేటు షాపులకు పోతాండాయి. అందుకే విదేశాల నుంచి పేద్ద ఫోటో ప్రింటరు తెప్పిస్తాండాం. ప్లాస్టిక్కు లేదు, కంపు లేదు. నికార్సైన ఫోటో కాగితం! అట్లాంటి మెషీన్లు ప్రపంచంలోనే శానా తక్కువ ఉండాయి. అందులో ఒకటి మనది!"

దాని ధర ఎంతని ఒక విలేకరి అడిగాడు.

"పొదుపు చేసేటోడు ధరలు చూసుకుంటా కూర్చోడప్పా" అని మంత్రిగారు నవ్వారు. మర్నాడు పేపర్లలో ఆ నవ్వు రంగుల్లో వచ్చింది.

ఏసన్న చప్పట్లయితే కొట్టాడు గానీ, 'కాగితం' అన్న మాట అతనికి నచ్చలేదు.

కారణం ఉంది. ఆ పట్నంలో మంత్రిగారి ఫ్లెక్సీలు కట్టేది ఏసన్నే, విప్పేది ఏసన్నే. కట్టినందుకు పార్టీ టీ, టిఫిను ఇస్తుంది. విప్పినందుకు ఫ్లెక్సీయే దక్కుతుంది. ఏసన్న స్వార్థపరుడు కాడు కాబట్టి వాటిని తన కాలనీ అంతా పంచేవాడు. మంత్రిగారి పెండ్లిరోజు బీబమ్మ మేకల కొట్టం మీద ఉంది. ఆయన కాలి బెణుకు ఒకరి శనక్కాయల కుప్ప మీద ఉంది. ఎవరింట్లో స్నానాల గదికి తడిక లేకపోతే అక్కడ ఆయన చేతులు జోడించి నిలబడి ఉన్నారు, ముఖం బయటికి తిప్పుకుని. ఇంటింటికీ సంక్షేమం చేర్చానని మంత్రిగారు ప్రతి సభలోనూ చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధమని కాలనీలో ఎవ్వరూ అనలేదు.

అందరికంటే పెద్దది, నిరుటి పుట్టినరోజుది, ఏసన్న కాపురముండే గడ్డి కొట్టం మీద ఉంది. ఎండకు పిగిలి మంత్రిగారి ముక్కు దగ్గర చిల్లు పడింది. ఆ చిల్లు సరిగ్గా అతని పెళ్లాం విశ్వాసమ్మ పొయ్యికి పైన ఉంది.

ఆ సాయంత్రం సంగటి గెలుకుతున్న విశ్వాసమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కాగితమా?"

"ఫారిన్ కాగితం."

"ఫారిన్‌దైతే వానకు తడవదా?"

"అట్ల మాట్లాడగూడదు. అన్న పొదుపు చేస్తాండాడు."

"చేసుకోనీ. నా కొట్టం మీదనే చెయ్యల్లనా? ఇగో, చెప్తాండా ఇనుకో. పక్కా ఇల్లు వస్తాది, వస్తాది అంటివి. మన బిడ్డ ఆరాధన పుట్టకముందు నుంచీ అంటానే ఉండావు. ఈసారి వానలు పడేలోపల ఆ చిల్లు మీద కొత్త పట్ట పడల్ల. పడలేదనుకో, నువ్వు పోయి ఆ ప్రింటరు కాడనే పండుకో."

విశ్వాసమ్మ ఊరికే అనే మనిషి కాదు.

ప్రింటరును స్వయంగా పరీక్షించడానికి మంత్రిగారు, వారి కుటుంబ సభ్యులు, కుటుంబ సభ్యుల్లాంటి కాంట్రాక్టర్లు విదేశాలకు వెళ్లారు. పొదుపు శాఖ కాబట్టి వచ్చేటప్పుడు ఒక్క దేశంలోనే ఆగారు. ప్రింటరు ఓడలో చెన్నైకి, అక్కణ్ణుంచి లారీలో కడప మీదుగా బయల్దేరింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుపోతే సైరన్ బండి పంపి విడిపించారు. ఊళ్లోకి వచ్చేసరికి డప్పులు, టపాకాయలు. కాలనీ అంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆ పెట్టె ఏసన్న కొట్టం కంటే పెద్దది. విశ్వాసమ్మ చూపు మాత్రం పెట్టె మీద లేదు.

"ఆ పెట్టె మీద కప్పిండేది ఏందప్పా? మందంగా ఉండాది, నీలం రంగుది?"

"అది లారీవాళ్ల పట్ట. వాళ్లు వాపసు తీసుకపోతారు."

"పెట్టెను తీసుకపోయి పట్టను ఈడ ఇడిసిపెట్టమను."

దుమ్ము, ఎండ ఈ రెండూ ప్రింటరుకు పడవని కంపెనీవాళ్లు చెప్పారు. ఆ పట్నంలో కొరత లేనివి ఆ రెండే. అందుకని మార్కెట్ యార్డు పక్కనున్న రైతుల విశ్రాంతి భవనం గోడలకు, కప్పుకు రంధ్రాలు కొట్టి నాలుగు ఏసీలు పెట్టి, అందులో ప్రింటరును ప్రతిష్ఠించారు. రైతుల్ని బయట వేపచెట్టు కిందికి మార్చారు. వేపగాలికి కరెంటు బిల్లు రాదని, రైతులు కూడా పొదుపులో భాగస్వాములయ్యారని మంత్రిగారు మెచ్చుకున్నారు.

ఆయన పుట్టినరోజుకు మొదటి ఫోటోలు వెలువడ్డాయి. అంత స్పష్టమైన ముఖాన్ని ఆ పట్నం అంతకుముందు చూసి ఎరగదు. మీసానికి వేసిన రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రోడ్డు అవతలి నుంచి కూడా తెలిసిపోతోంది. చెక్కలకు మైదాపిండి పూసి వాటిని అతికించి వీధివీధికీ నిలబెట్టారు. మధ్యాహ్నానికల్లా బీబమ్మ మేక మంత్రిగారిని గడ్డం దగ్గర మొదలుపెట్టి చెవి దాకా తినేసింది.

మంత్రిగారి పీఏ ముబీన్ పరుగున వెళ్లి ఎస్సైని పిలుచుకొచ్చాడు.

"ఈ మేకది ఏ పార్టీ?" అని ఎస్సై అడిగాడు.

"దానికి పార్టీ ఏంది సార్?" బీబమ్మ కొంగు బిగించింది. "ఇన్నేండ్లు నా కొట్టం మీద సారు ఫ్లెక్సీ ఉండాది. ఒక్కనాడన్నా మూతి పెట్టిందా? మీరే పిండి పూసి దాని ముందర పెడితిరి. తిననీక పెట్టినారేమో అనుకున్యాది, పాపం."

ఎస్సైకి న్యాయం ఎటువైపుందో అర్థమైంది గానీ, అటువైపు మేక ఉంది. విచారణ అనంతరం రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది, మేకల్ని కట్టేసుకోవాలి. రెండోది, ఫోటో కాగితానికి పోటీ లేకుండా ఊళ్లో ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ పట్టలు అమ్మకూడదు. పీర్ బాషా ఫ్లెక్సీల షాపు మూతపడింది. ఎరువుల అంగట్లో ఉన్న పట్టల చుట్టలు కూడా లారీ ఎక్కి వెళ్లిపోయాయి.

ఏసన్న ఆ ఉత్తర్వుకు కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టి, ఇంటికి పోవడానికి భయపడి కాలవగట్టు మీద కూర్చున్నాడు.

ఇక్కడ మాజీ ఎమ్మెల్యే ఓబుళపతి గురించి చెప్పాలి. ఆయనకు పొదుపంటే ఏమిటో తెలియదు. ఊరి పొలిమేర దాటి బైపాసు పక్కన సభ పెట్టి, రాయచూరులో కొట్టించిన ఫ్లెక్సీలు దారి పొడవునా కట్టించాడు. దళసరి సరుకు, అంచుకు ఇనుప రింగులు. ఆయన ప్రసంగానికి ఎన్నడూ రానంత జనం వచ్చారు. ఎప్పుడు ముగుస్తుందా అని అందరూ ఎంతో ఆసక్తిగా విన్నారు. జీవితంలో ఏ సభకూ పోని విశ్వాసమ్మ ముందు వరసలో కూర్చుని, పొద్దుగూకేసరికి నెత్తిన పెద్ద ఫ్లెక్సీ చుట్టతో ఇంటికొచ్చింది.

ఏసన్న గబగబా తలుపు దగ్గరికేశాడు.

"ఓబుళపతి పట్టనా? అన్నకు తెలిస్తే నా బతుకేం గావల్ల?"

"తెలిస్తే నీ బతుకు. లేకుంటే నా పొయ్యి. ఏది గావల్లనో నువ్వే చెప్పు."

ఏసన్న నిచ్చెన వేసి, చిల్లుపడిన మంత్రిగారిని దించి, ఓబుళపతిని గడ్డి మీద బోర్లా పరిచి తాళ్లు బిగించాడు. కింద నుంచి చూస్తే తెల్లటి వీపు తప్ప ఏమీ కనిపించదు. తెలుపు ఏ పార్టీదీ కాదు. కాలనీలో మిగతావాళ్లు కూడా అలాగే కప్పుకున్నారు. వారం తిరిగేసరికి కాలనీ అంతా తెల్లగా, ఏ మచ్చా లేకుండా కనిపించింది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మంత్రి పనితీరు బాగుంటే ఒకటి నొక్కండి, బాగాలేకుంటే రెండు నొక్కండి. ఏళ్ల తరబడి ఒకటి తప్ప ఎరగని కాలనీ మొత్తం రెండు నొక్కింది. పార్టీ పెద్దలు మంత్రిగారిని నిలదీశారు. ముబీన్ ట్యాబ్ పట్టుకుని విచారణకు వచ్చాడు.

"ఏం తక్కువైందమ్మా మీకు?"

"ముందర ఇస్తాండ్రి. ఇప్పుడు ఆపేస్తిరి" అంది బీబమ్మ.

"ఏది ఆపినాం?"

"పట్ట."

ముబీన్ ట్యాబ్‌లో పథకాలన్నీ పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వెతికాడు. అందులో పట్ట లేదు. పాపం, ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాడు. 'మంత్రిగారు ఒక పథకాన్ని నిలిపివేశారు. అది ఏ పథకమో శాఖకు తెలియదు. లబ్ధిదారులకు తెలుసు.'

"నేను మొదలే పెట్టనిదాన్ని నేను యాడ ఆపినానప్పా!" అని మంత్రిగారు తల పట్టుకున్నారు. కాసేపటికి తలెత్తి ఏసన్నను చూశారు. "ఏసన్నా, నువ్వన్నా నిజం చెప్పు. నీ కొట్టం మీద నేనే కదా ఉండేది?"

"మీరేనన్నా."

"మొన్న కార్లోంచి చూసినా. తెల్లగా ఉండాదే?"

"ఎండకు మీ కలరు పోతాదని ముఖం లోపలికి పెట్టుకున్యామన్నా."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఏసన్న భుజం తట్టి, ఇట్లాంటి కార్యకర్తలుంటే చాలునన్నారు. ఆ భుజం నాలుగు రోజులు నొప్పి పుట్టింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అందరూ ఆశలు వదులుకున్నాక వాన వచ్చింది. రాయలసీమకు రావడమే అరుదు, వస్తే ఏళ్ల బాకీ ఒక్కసారే తీర్చే వాన. విశ్వాసమ్మ కొట్టంలో ఒక్క చుక్క కారలేదు. ఏసీల కోసం రంధ్రాలు కొట్టిన విశ్రాంతి భవనం కప్పు మాత్రం ధారలు కట్టింది.

మంత్రిగారు తడుసుకుంటూ వచ్చేసరికి ప్రింటరు మీద నీళ్లు టపటపా పడుతున్నాయి.

"కప్పండప్పా! ఏదన్నా కప్పండి!"

అక్కడ ఉన్నవి మంత్రిగారి ఫోటోలే. వాటినే కప్పారు. చూస్తుండగానే మీసం రంగు దిగి మెడ మీదికి వచ్చింది, ఆ తర్వాత మెడ దిగింది, చివరికి మంత్రిగారు ముద్దయి ప్రింటరు సందుల్లోకి జారిపోవడం మొదలుపెట్టారు.

"పట్ట తెండప్పా!"

"మనమే అమ్మొద్దన్యాం సార్" అన్నాడు ముబీన్. "ఊర్లో ఒక్కటి గూడా లేదు."

మంత్రిగారి చూపు ఏసన్న మీద పడింది.

"ఏసన్నా! నీ కొట్టం మీద నేనుండాను గదా! తీస్కరా పోప్పా!"

ఏసన్న జవాబు చెప్పేలోపలే నలుగురు మనుషులు అతన్ని జీపులోకి ఎక్కించారు.

జీపు ఆగేసరికి విశ్వాసమ్మ పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. మొగుడి ముఖం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"పట్ట తీసుకపోతే మేం యాడికి పోవల్ల?"

"గంటసేపే అక్కా" అన్నాడు ముబీన్. "శానా ఖరీదైన మెషీను. తడిస్తే పాడైపోతాది."

విశ్వాసమ్మ అతన్ని, ఆరాధనను, పైనున్న గడ్డిని మార్చి మార్చి చూసింది. పొయ్యి మీది కుండ దించుకుంది.

విశ్రాంతి భవనంలో పట్టను విప్పుతుంటే ఏసన్న అడ్డం పడ్డాడు. "బోర్లా ఏద్దామప్పా, బోర్లా" అని బతిమాలాడు. తలుపులోంచి వచ్చిన విసురుగాలి అతని మాట వినలేదు. పట్ట గాల్లో ఎగిరి, తిరగబడి, ప్రింటరు మీద చక్కగా పరుచుకుంది. ఓబుళపతి చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద పెద్దక్షరాలు: 'మీ కష్టంలో నేనున్నాను.'

కప్పు మీంచి నీళ్లు ఓబుళపతి నుదుటి మీద పడి, చెంపల మీదుగా జారి నేల మీదికి పోతున్నాయి. ప్రింటరు మీద చుక్క కూడా పడలేదు. మంత్రిగారు ఏసన్నను చూశారు. ఓబుళపతిని చూశారు. ప్రింటరును చూశారు.

"తిప్పి కప్పండప్పా" అన్నారు, మెల్లగా.

తిప్పి కప్పుతుండగా తలుపు దగ్గర అలికిడైంది. నెత్తిన చాప, చంకలో కుండ, వెనక ఆరాధన, ఆరాధన చేతిలో కోడిపెట్ట. విశ్వాసమ్మ ఎవర్నీ అడగలేదు. పట్ట అంచు ప్రింటరు పక్కకు వేలాడుతున్న చోట, దాని కింద పొడిగా ఉన్న నేల చూసుకుని చాప పరిచింది.

"ఏందమ్మా ఇది?" అన్నారు మంత్రిగారు.

"నా ఇంటి కప్పును మీరే గదా సార్ ఈడికి తెచ్చింది. కప్పు ఈడుంటే మేం ఆడుండి ఏం చేయల్ల?" అని మొగుడి వైపు తిరిగింది. "నువ్వూ రా. ఆ పొద్దే చెప్పింటి గదా, ప్రింటరు కాడనే పండుకోమని."

ఏసన్న తల వంచుకుని వెళ్లి చాప మీద ఒక మూల కూర్చున్నాడు. అంతలో అతని జేబులో ఫోను మోగింది. బటన్ నొక్కగానే గది అంతా వినిపించింది. మంత్రిగారు ప్రింటరు పక్కనే నిలబడి ఉన్నారు. ఫోన్లోనూ ఆయనే ఉన్నారు.

"నమస్కారం. నేను మీ మద్దిలేటయ్యను. మన ప్రభుత్వంలో మీకు ఇల్లు అందిందా? అందితే ఒకటి నొక్కండి. అందకపోతే రెండు నొక్కండి."

ఏసన్న బొటనవేలు గాల్లోనే ఆగింది. అతను మంత్రిగారి వైపు చూడలేక పెళ్లాం వైపు చూశాడు. విశ్వాసమ్మ చుట్టూ ఒకసారి కలియజూసింది. నాలుగు ఏసీలు, నున్నటి గోడలు, పైన పట్ట, బయట వాన.

"ఒకటి నొక్కుప్పా" అంది. "నొక్కి, ఆ ఏసీ తగ్గించల్లంటే ఎంత నొక్కల్లనో అది గూడా అడుగు. బిడ్డకు చలి పుడతాండాది."