మంత్రిగారి వెయ్యి కేలరీలు

"ఈ రాష్ట్రంలో కొవ్వుకు ఇక చోటు లేదు" అని పౌర దేహదారుఢ్య శాఖ మంత్రి రవీందర్ హైటెక్ సిటీలో గంభీరంగా ప్రకటించారు. పొద్దస్తమానం కుర్చీలకు అతుక్కుపోయే ఐటీ యువత కోసం ప్రతి ఆఫీసు ముందూ గంతులేయడానికి ఒక మినీ ట్రాంపొలీన్ పెట్టిస్తామన్నారు. ప్రారంభోత్సవం నాడు స్వయంగా తానే దాని మీద ఎగిరి, పది నిమిషాల్లో వెయ్యి కేలరీలు కరిగించి చూపిస్తానన్నారు. వెయ్యే ఎందుకని ఎవరూ అడగలేదు. గుండ్రటి అంకెలంటే మంత్రిగారికి మొదటినుంచీ మమకారం.

శాఖ జాయింట్ డైరెక్టర్ రామ్మోహనరావు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. ఆ కేలరీలు లెక్కగట్టి సంతకం పెట్టాల్సింది తానేనని ఆ తర్వాత గుర్తొచ్చింది.

లెక్క సులువే. మనిషి బరువు, ఎగిరిన సేపు, ఎగరడంలోని కష్టానికి ఒక అంకె. మూడూ గుణిస్తే చాలు. మంత్రిగారికి తొంభై కిలోలు వేసి గుణిస్తే అరవై వచ్చింది. కష్టాన్ని కొండెక్కుతున్నంతకు పెంచినా నూట యాభై దాటలేదు. రావుగారు ఆ కాగితం పట్టుకుని మంత్రిగారి పీఏ సాయిచంద్ దగ్గరికి పరుగెత్తారు.

"నూట యాభై దగ్గర ఆగిపోతోందండీ!"

"ప్రెస్ నోట్ల వెయ్యని పోయింది గద సార్. ఇగ నోట్ మారది. లెక్క మారాలె," అన్నాడు సాయిచంద్ చల్లగా. "లేకుంటె మంత్రిగారు పరేషాన్ అయితరు. జిల్లాలల్ల మస్తు పోస్టులు ఖాళీగున్నయ్, ఎరికేనా?"

రావుగారికి నిజంగానే భయమేసింది. పుప్పాలగూడలో సొంత ఫ్లాటులో చేరి మూడు నెలలైనా కాలేదు. ఇన్నేళ్ల కిరాయి ఇళ్ల తర్వాత ఆయన భార్య రత్నమాల ఎవరి అనుమతీ అడక్కుండా గోడకు మేకు కొట్టుకున్నది ఈ ఇంట్లోనే. ఆ రోజు ఆవిడ మొహంలో వెలుగు ఆయన మర్చిపోలేదు. ఇప్పుడు బదిలీ అంటే ఆవిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? భయపడిన ఆఫీసరు బుర్ర అమోఘంగా పనిచేస్తుంది. దేశం నడుస్తున్నది అలాంటి బుర్రల మీదే.

"మంత్రిగారి బరువు ఎక్కడైనా పబ్లిగ్గా నమోదైందాండీ?"

"ఎందుకు గాలే? పుట్టినరోజు నాడు బంగారంతోని జోకినం గద! పేపర్ల గూడ పడ్డది."

సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. ఆ బెల్లాన్నే బంగారం అంటారు. మంత్రిగారి పేర మొక్కు తీర్చడానికి ప్రతి డివిజన్ కార్యకర్తలూ తమ బెల్లం తామే తెచ్చారు. ఎవరి బుట్టలు వద్దన్నా అలిగి అవతలి పార్టీకి పోయేలా ఉన్నారు. అందుకని తక్కెడ నేలకు తగిలాక కూడా పేరుస్తూనే ఉన్నారు. మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వచ్చింది: 'మంత్రి బరువుకు సరితూగిన ఆరు క్వింటాళ్ల బంగారం.'

"అంటే ఆరు వందల కిలోలు," అన్నారు రావుగారు, గొంతు తగ్గించి. "అంత బరువని రాస్తే సారు ఏమీ అనుకోరు కదండీ?"

"కాదంటె మొక్కు అబద్ధమైతది. సమ్మక్కతోని ఎవరు పెట్టుకుంటరు సార్? రాయుండ్రి."

రాశారు. ఆరు వందల కిలోలు, కొండెక్కినంత కష్టం, పది నిమిషాలు. సరిగ్గా వెయ్యి వచ్చింది. శాస్త్రం ఇంత విధేయంగా ఉంటుందని రావుగారు కూడా అనుకోలేదు. సంతకం పెట్టి ఇంటికెళ్లి కడుపునిండా భోంచేశారు.

ప్రారంభోత్సవానికి కంపెనీల వాళ్లు హాజరు వేయించుకుని మరీ జనాన్ని పంపారు. మంత్రిగారు కొత్త బూట్లతో ట్రాంపొలీన్ ఎక్కారు. ఎవరో అభిమానం కొద్దీ చేతికి మైకు అందించారు. మైకు చేతికొచ్చాక మాట్లాడకపోవడం ఆయన రక్తంలో లేదు. ఆరోగ్యం గురించి నిలబడిన చోటే నిలబడి పది నిమిషాలు మాట్లాడారు. వెనక పెద్ద తెర మీద రావుగారి లెక్క ప్రకారం కేలరీలు నిమిషానికి వంద చొప్పున పెరుగుతూ పోయి వెయ్యి దగ్గర ఆగాయి. ఈలలు మారుమోగాయి. మంత్రిగారు నుదురు తుడుచుకుని కిందికి దిగారు.

విజయం మనిషిని ఉదారుణ్ణి చేస్తుంది. మంత్రిగారు అక్కడికక్కడే మరో ప్రకటన చేశారు.

"మంత్రికొక లెక్క, ఆఫీసర్‌కొక లెక్క ఉండొద్దు. మా శాఖల ప్రతి ఒక్కరు పది నిమిషాలల్ల వెయ్యి కరగబెట్టాలె. కరగబెట్టనోళ్లు జిల్లాలకు పోవాలె. రావుగారూ, ముందుగాల మీరే రాండ్రి."

రావుగారి బరువు అక్కడే, అందరి ముందూ తూచారు. అరవై రెండు కిలోలు. ఆయన బూట్లు విప్పి ఎక్కారు. మేకు కొట్టిన గోడ కళ్లముందు మెదిలింది. ఎగిరారు. కళ్లజోడు జారిపోయినా, చొక్కా వీపుకు అంటుకుపోయినా, మోకాలు కలుక్కుమన్నా ఆగకుండా పది నిమిషాలూ ఎగిరారు. తెర మీద నూట మూడు కనిపించింది.

మంత్రిగారు తెరవైపు, రావుగారివైపు మార్చి మార్చి చూశారు. ఆయన ఆశ్చర్యంలో కల్మషం లేదు.

"నేను ఊకె నిలబడి మాట్లాడితెనే వెయ్యి వచ్చె. మీరు గంతగనం ఎగిరినా నూట మూడేంది రావుగారూ?"

రావుగారు నోరు తెరిచారు. మంత్రిగారి వెయ్యికి కింద ఉన్నది తన సంతకమే. పక్కనే సాయిచంద్ కన్నార్పకుండా ఆయన్నే చూస్తున్నాడు.

"లోపం నాలోనే ఉందండీ," అన్నారు రొప్పుతూ.

మంత్రిగారి మనసు కరిగింది. దగ్గరికొచ్చి భుజం తట్టారు.

"గిట్ల నిజాయితీగ ఒప్పుకునే ఆఫీసర్లు జిల్లాలల్లనే ఉండాలె," అన్నారు.

సాయిచంద్ ఆర్డరు టైపు చేయించడానికి వెళ్లాడు.