లాస్‌పేటకు పడవ వచ్చిన రోజు

ఆ ఆదివారం పొద్దున ఆదికేశవన్ వేసుకున్న పథకంలో పెద్ద మెలికలేమీ లేవు. ఇడ్లీలు తినడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, తాను తీసిన పటం ఉన్న కవరును వానకు తడవకుండా సంచిలో పెట్టుకోవడం, కెమెరా సంఘం సమావేశానికి వెళ్లి గెలిచి రావడం. వీటిలో మొదటి రెండూ ఏ లోటూ లేకుండా జరిగాయి.

గెలవడం అతనికి ఇప్పుడు సరదా కాదు, అవసరం. సంఘంలో చేరి నాలుగేళ్లయినా, ఏటా జరిగే ప్రదర్శనలో అతని పటం ఒక్కటీ గోడ ఎక్కలేదు. పైగా ఈ ఏడు వాషింగ్ మెషీన్‌కని దాచిన డబ్బు పట్టుకెళ్లి మూరెడు పొడవు లెన్సు కొనుక్కొచ్చాడు. ఆనాటి నుంచి భార్య కనకం పెరట్లో బండ మీద బట్టలు ఉతికే చప్పుడు పక్క వీధికి కూడా వినబడుతోంది. నోటితో మాత్రం ఆమె ఒక్క మాటే అంది.

"ఈసారి కూడా మీ ఫొటో గోడెక్కకుంటే కెమెరా అటకెక్కాల. ఒప్పుకుంటారా?"

శిక్ష వేసే ముందు ఒప్పుకోలు అడగడం కనకం మర్యాద. అతను ఒప్పుకున్నాడు.

అతని దారికి అడ్డం సుధాకరన్. బ్యాంకులో ఆఫీసరు, సంఘంలో పెద్ద విమర్శకుడు, ఏడు లెన్సులకు యజమాని. వాటిని సంచిలోంచి తీసి బల్ల మీద పేర్చితే పెళ్లివారింట్లో గిన్నెలు పరిచినట్టు ఉండేది. ఏ పటం చూపించినా అది ఏ లెన్సుతో తీసిందో చెప్పేసేవాడు. తప్పు చెప్పినా గట్టిగా చెప్పేవాడు కాబట్టి ఎవరూ కాదనేవారు కారు. సంఘంలో మెచ్చుకోవడం ఇంగ్లీషులో, కబుర్లు తమిళంలో నడిచేవి గాని, ఆదికేశవన్‌ను ఏకేటప్పుడు మాత్రం సుధాకరన్ ఇద్దరికీ ఇంటి భాష అయిన తెలుగుకు దిగేవాడు. నాలుగేళ్లుగా అదే మాట: "షార్ప్‌గానే ఉండాది ఆదీ. కానీ అందులో ఏంది ఉండాది?"

ఏముందో ఈసారి చూపిస్తానని ఆదికేశవన్ పంతం పట్టాడు. వాన తెరిపిచ్చిన ఒక ఉదయం జాలర్లుండే వైతికుప్పం పోయి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ల గట్టు చివర నిలబడి, ఒడ్డు వైపు తిరిగి కొత్త లెన్సు ఎక్కుపెట్టాడు. దూరాన ఉన్నవాటిని లాక్కొచ్చి దగ్గరివాటికి అంటించినట్టు చూపడం ఆ లెన్సు గుణం. నీళ్లలో ఊగుతున్న పడవలకూ వెనక ఉన్న ఇళ్లకూ నడుమ బోలెడంత ఇసుక ఉన్నా, పటంలో మాత్రం ఇసుక మాయమైంది. ఒక పడవ ముక్కు సరిగ్గా ఒక ఇంటి గడపను తాకుతోంది. అది చూసుకుని ఆదికేశవన్ రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు.

అదే వారం కనకం కూడా ఒక ఫొటో తీసింది. మెట్ట మీదున్న లాస్‌పేటలో వాళ్ల వీధి మురుగు కాలువ, వాళ్ల మాటలో సాక్కడ, పూడిపోయి నీళ్లు నిలిచిపోయాయి. మునిసిపాలిటీకి రెండుసార్లు అర్జీ పెట్టినా ఒక్క నరపురుగు కూడా వచ్చి చూడలేదు. ఫొటో జతచేస్తే కదులుతారేమోనని, తమ్ముడి పెళ్లిలో బహుమతిగా వచ్చిన చిట్టి కెమెరాతో ఆమె గడపలో నిలబడి మీట నొక్కింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి పొన్నమ్మాళ్ అవ్వ ఒక చేత్తో పాల క్యాను, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని కాలువ మీదుగా ఎగిరి దూకింది.

"సాక్కడ తీస్తా ఉంటే అవ్వ అడ్డం వచ్చేసింది. పోనీలే, సాక్కడ కనబడతా ఉండాది గదా," అనుకుని కనకం దాన్నే పెద్దది చేయించింది. చిన్నదైతే ఆఫీసువాళ్లకు కనబడదని ఆమె అనుమానం. అదే స్టూడియో, అదే సైజు, అదే రంగు కవరు.

సంఘం నియమం ప్రకారం కవరు అంటించి తేవాలి, పేరు రాయకూడదు. ముందురోజు సాయంత్రం ఆదికేశవన్ తన కవరును అంటిస్తుంటే, కనకం అర్జీ రాసిన కాగితం బయట పెట్టుకుని, "ఇదీ అంటించండి, వానకి తడస్తాది," అని తనదీ ఇచ్చింది. రెండూ టీవీ మీద ఆరబెట్టాడు. పొద్దున అందులో ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇదో, నీ సాక్కడ. నా దాన్ని ముట్టబాకు. అది కళ."

"ఆ, కళే. వాసన రాదు గదా," అంటూ కనకం దాన్ని అర్జీతో కలిపి, వానల కాలమని ఆదివారం కూడా తెరిచి ఉంచిన ఫిర్యాదుల గదికి పట్టుకెళ్లింది.

సంఘం కూడేది బీచి రోడ్డుకు దగ్గరలో ఒక మిద్దె మీది హాలులో. ఆ రోజు ప్రదర్శనకు పటాలు ఎంచడానికి మద్రాసు నుంచి నరసింహన్ వచ్చాడు. పత్రికలకు జీవితమంతా ఫొటోలు తీసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. కవర్లు ఒక్కొక్కటే చించి పటాన్ని స్టాండు మీద పెడతాడు. అందరూ చర్చిస్తారు. చర్చ ముగిసేదాకా పటం తీసినవాడు నోరు తెరవకూడదు, లేచి బయటికి పోకూడదు. పోతే ఆ పటం పోటీలో లేనట్టే. తమ పటాలను తామే వెనకేసుకొచ్చేవాళ్ల నోళ్లు మూయడానికి ఆ నియమం పెట్టింది సుధాకరనే.

అయిదో కవరు చించగానే ఆదికేశవన్ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. స్టాండు మీద పడవలు లేవు. పొన్నమ్మాళ్ అవ్వ గాల్లో ఉంది.

లేచి "అయ్యో, కవరు మారింది!" అనబోయి ఆగిపోయాడు. ఆ మాట అంటే ఈ పటం పోటీలోంచి పోతుంది. పడవల పటం చేతిలో లేదు. కెమెరా తిన్నగా అటక మీదికే. ఏదైతే అదైందని బెంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

సుధాకరన్ కళ్లద్దాలు తుడుచుకుని స్టాండు దగ్గరికి నడిచాడు. ఇంకేముంది, అయిపోయానని ఆదికేశవన్ కళ్లు మూసుకున్నాడు.

"ఎన్న ఒరు టైమింగ్!" అన్నాడు సుధాకరన్. ఏం టైమింగని తమిళంలో మురిసి, ఆ ఊపులో తెలుగుకే దిగాడు. "కాలు కింద పడలా, నీళ్లు కదలలా. కింద నీళ్లలో ఇంకో అవ్వ, ఇంకో పాల క్యాను. ఆ సాక్కడ లేకుంటే ఇది ఉత్త ముసలామె ఫొటో. అవ్వ లేకుంటే ఉత్త సాక్కడ."

"ఆ వెలుతురు చూడండి సార్, అంచుల్లో మంచు పట్టినట్టు ఎట్ల కరగతా ఉండాదో," అన్నారెవరో.

"అదే చెప్ప వస్తా ఉండా. ఆ కరగడం ఒక్క పాత జర్మన్ లెన్సు గ్లాసులోనే వస్తాది. ఎయిటీ ఫైవ్ ఎమ్ఎమ్. పూర్తిగా తెరిచి తీసినాడు. ఈ ఊర్లో ఇట్లాంటి లెన్సు ఎవురి దగ్గర ఉండాదో నాకే తెలీదే!"

ఏడు లెన్సులవాడి గొంతులో అసూయ పలకడం సంఘం చరిత్రలో అదే మొదలు. కాదు, అది థర్టీ ఫైవ్ అని ఇంకొకాయన వాదం పెట్టుకున్నాడు. వాళ్ల వాదన నడుస్తుండగా ఆదికేశవన్ జేబులో సెల్‌ఫోను మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు గాని, మాట్లాడే వీలు లేదు.

"ఏమండీ! మన వీధికి పడవ వచ్చిండాది!" అంది కనకం.

"ఊ," అన్నాడు.

"ఊ ఏంది? లారీ మీద పడవ! నీళ్లు తోడే మిషన్లు, ఇసక మూటలు, ఇరవై మంది మనుషులు! ఇంజనీరు వచ్చి ఇల్లు మునిగినోళ్లు యాడ ఉండారు అంటా ఉండాడు. ఆ కవర్లో మీరు ఏంది పెట్టి ఇచ్చినారు?"

"ఊ," అన్నాడు ఆదికేశవన్. ఈసారి అది ఏడుపులా వచ్చింది.

అక్కడ జరిగింది ఇది. జూనియర్ ఇంజనీరు చెల్లప్పన్ కారైక్కాల్ నుంచి బదిలీ మీద వచ్చి వారం కాలేదు. ఊళ్లో మెట్ట ఏదో పల్లం ఏదో ఇంకా తెలియదు. లాస్‌పేట నుంచి అర్జీ వచ్చింది, "మా వీధిలో నీళ్లు నిలిచి ఎట్ల ఉందో ఫొటోలో చూడండి," అని. చూశాడు. ఇళ్ల మధ్య పడవలు తేలుతున్నాయి. ఒకటి ఏకంగా గడప దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన చేతిలో టీ అలాగే ఉండిపోయింది. పై అధికారికి ఫోను చేశాడు, ఆయన ఆ పైవాడికి చేశాడు. లాస్‌పేటే ఇలా ఉంటే తక్కిన ఊరి గతేమిటని అందరూ కంగారుపడ్డారు తప్ప, అంత మెట్ట మీదికి సముద్రం ఎట్లా ఎక్కిందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

తీరా వచ్చి చూస్తే మోకాలి లోతు మురుగు కాలువ. చెల్లప్పన్ మొదట తెల్లబోయి, తర్వాత మండిపడి, బండ్లన్నీ వెనక్కి తిప్పమన్నాడు. అప్పటికే పొన్నమ్మాళ్ అవ్వ లారీ ఎక్కి పడవ నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నేను దిగను," అంది. "రెండుసార్లు అర్జీ పెడితే ఒక మనిషి రాలా. ఇప్పుడు ఇంతమంది వచ్చి ఊరికే పోతారా? సాక్కడ తియ్యండి, దిగతా. లేకుంటే నన్ను కూడా తీసకపొయ్యి సముద్రంలో వదలండి!"

వీధి వీధంతా లారీ చుట్టూ చేరింది. ముసలామెను పడవలో ఎక్కించుకుని ఊరంతా తిరిగి ఆఫీసుకు పోవడం కంటే కాలువ తీయించడమే మేలని చెల్లప్పన్‌కు తోచింది. గంట తిరక్కముందే ఆ యంత్రాలన్నీ కలిసి కాలువను అద్దంలా చేసి పెట్టాయి. దాటడానికి మీద ఒక బండ కూడా పడింది. ఆ తర్వాత ఆయన కనకాన్ని జీపు ఎక్కించుకుని, "ఈ ఫొటో తీసినాయన్ని నాకు చూపించమ్మా," అన్నాడు.

హాలులో ఈ సంగతేదీ తెలియదు. నరసింహన్ చివరి కవరు కూడా చూసి, మళ్లీ అవ్వ పటం దగ్గరికే వచ్చాడు.

"గోడ మీద నట్టనడుమ ఇది ఉండాలి. తీసిందెవరు? లేచి ఏ లెన్సో చెప్పండి."

ఆదికేశవన్ లేచాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. సుధాకరన్ నోరు తెరుచుకుంది. నాలుగేళ్లుగా ఆదికేశవన్ కలలో చూసుకున్న ముఖం అది. "ఎయిటీ ఫైవ్" అని రెండు ముక్కలు చెబితే చాలు, గోడ అతనిది, కెమెరా అతనిది. ఆ రెండు ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. కాని స్టాండు మీద అవ్వ అంత నమ్మకంగా దూకుతుంటే, బండ మీద బట్టల చప్పుడు చెవిలో వినిపించింది. అతనికి సిగ్గేసింది.

"ఇది నాది కాదు సార్," అన్నాడు. "మా ఇంటామె కనకం తీసింది. సాక్కడ నిండిందని మునిసిపాలిటీకి పంపను తీసింది. పొద్దున నేనే కవరు మార్చి ఇచ్చేసినా. నేను తీసిందాంట్లో ఇంత లేదు సార్."

వెనక తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. కనకం నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో గాని, అన్నీ విన్నట్టే ఉంది. కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ వానను తిట్టింది.

"నువ్వా తల్లీ? ఏ లెన్సు?" అన్నాడు నరసింహన్.

ఆమె సంచిలోంచి చిట్టి కెమెరా తీసింది. "ఇదో ఇదే. లెన్సు గిన్సు తెలీదు సార్. తలకి నూనె రాసుకుంటా ఉన్నా. చెయ్యి కడుక్కునే లోపల వాన పడేట్టు ఉండిందని అట్లే తీసేసినా. అద్దం మీద కొంచెం నూనె అంటుకునిందేమో, తుడవలా."

పాత జర్మన్ గ్లాసు అలా బయటపడింది. ఎవరూ సుధాకరన్ వైపు చూడలేదు. అందరూ చూడకుండా ఉండడానికి పడుతున్న కష్టం మాత్రం స్పష్టంగా కనబడింది.

అప్పుడు ఆమె వెనక నుంచి చెల్లప్పన్ ముందుకొచ్చి పడవల పటాన్ని స్టాండు మీద పెట్టాడు. "దీన్ని తీసిందెవరు?"

"నేనే," అన్నాడు ఆదికేశవన్, దెబ్బకు వీపు చూపిస్తున్నవాడిలా.

సుధాకరన్‌కు ఊపిరాడింది. కళ్లద్దాలు సర్దుకున్నాడు. "షార్ప్‌గానే ఉండాది. కానీ అందులో ఏంది..."

"ఏంది ఉండాదా?" చెల్లప్పన్ తమిళం వదిలేసి, తనకూ ఇంటి భాషైన తెలుగులో అరిచాడు. "సార్, ఇంట్లోకి పడవ వస్తా ఉండాది! కనబడలా? నాకు టీ దిగలా సార్! ముగ్గురు ఆఫీసర్లు ఆదివారం పూట చెప్పులేసుకోకుండా ఉరికినారు!"

నరసింహన్ పటం మీదికి వంగి పడవ ముక్కునూ గడపనూ చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నా సర్వీసంతా వరదలు తీశాను. అసలైన వరదలు. నా ఫొటో చూసి ఒక్క ఆఫీసరు కుర్చీలోంచి లేచిన పాపాన పోలేదు. ఈయన వరద లేకుండానే పడవ తెప్పించాడు. దీన్ని పక్కన పెట్టడానికి నాకేం హక్కుంది? రెండూ పక్కపక్కనే పెట్టండి."

చప్పట్లు కొట్టారు. ఆ ఏడు ప్రదర్శనలో ఎక్కువమంది గుమిగూడింది ఆ రెండు పటాల ముందే. పొన్నమ్మాళ్ అవ్వ రోజూ వచ్చి తన పటం పక్కన నిలబడి, చెప్పులు తడవలేదని చూసినవాళ్లందరికీ చెప్పింది. లాస్‌పేటలో ఏ వీధివాళ్లు ఏ అర్జీ పెట్టాలన్నా, ఫొటో మాత్రం ఆదికేశవన్ పెద్ద లెన్సుతోనే తీయాలని పట్టుబట్టసాగారు.

ఆ రోజు ఇంటికి పోతూ, మరి అటక సంగతేమిటని అతను భయపడుతూనే అడిగాడు.

"అటకలో ఎలకలుండాయి," అంది కనకం. "కెమెరా అక్కడ పెడతారా ఎవురైనా? వచ్చే వారం రాళ్ల గట్టు మీదికి నన్ను కూడా తీసకపోండి. బట్టలు మీరు ఉతికినాక పోదాం."

తర్వాతి సమావేశంలో సుధాకరన్ సంచి విప్పినప్పుడు, ఏడు లెన్సుల పక్కన ఒక చిన్న కొబ్బరినూనె సీసా కూడా ఉంది.