ఓడకు కట్టిన మూటలు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక ఊరి మీద బూడిద రంగులో కూర్చుని ఉంది. మాసయ్య దానివైపు ఒకసారి చూసి, ఇది దేనికీ పనికిరాని మబ్బు అనుకొని, ఇంట్లోకి పోయి టార్పాలిన్ వెతకడం మొదలుపెట్టాడు.

అయిజ దాటినాక ఉన్న ఆ ఊళ్లో మాసయ్యను ఇప్పటికీ అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఊరి కూలీలను గుంపు కట్టి బొంబాయికి, పూణేకు, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి తీసుకుపోయిన మనిషి. మోకాళ్లు అరిగాక మానుకున్నాడు. అతని భార్య బాలమణి ఆ గుంపులన్నిటికీ వండి పెట్టింది. ఏ ఊరు పోయినా ఆమె చూసింది పొయ్యినే. బొంబాయి ఎట్లుంటుందని ఎవరైనా అడిగితే పొగ ఉంటుందని చెప్పేది.

హైదరాబాదులో నర్సుగా పనిచేసే కూతురు రజిత, చెన్నై నుంచి బయల్దేరే ఓడలో ముగ్గురికి టికెట్లు తీసింది. కొద్ది రోజులు సముద్రం మీద తిరిగి రావడం. గద్వాలలో సాయంత్రం రైలు. ముందురోజే ఇంటికి వచ్చి, తల్లి చేతికి చక్రాల పెట్టె ఒకటి ఇచ్చి, ఏం సర్దుకోవాలో చెప్పింది.

"నాలుగు చీరలు, ఒక షాలు, బీపీ గోలీలు. గంతే అమ్మా. గోలీలు మాత్రం చేతి సంచిల వెట్టుకో. పెట్టె వాళ్లు తీస్కపోయి ఎప్పుడో రూముల ఇస్తరు. జారని చెప్పులు నేను కొనుక్కొస్త."

"బియ్యం?"

"వద్దు."

"స్టవ్వు?"

"ఓడల స్టవ్వు ఎక్కనియ్యరమ్మా. వాళ్లే వండుతరు. నువ్వు కూసుంటే తెచ్చి వెడ్తరు."

బాలమణి ఆ చివరి మాటను మళ్లీ చెప్పించుకుంది. తరువాత పెట్టె సర్ది, మంచం కింద పెట్టి, పడుకునే ముందు వంగి చూసుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె కోరుకున్నది ఒక్కటే. ఎక్కడికైనా ఒట్టి చేతులతో పోయి, ఒకరు వండింది తిని రావాలి.

మాసయ్యకు నమ్మకం కుదరలేదు. "తిండి వెడ్తమని అందరు గుత్తేదార్లూ చెప్తరు. పోయినంక సూడు, పిండి గూడ ఉండదు," అన్నాడు. నీళ్ల మీద అంగడి ఎక్కడుంటుందన్నది అతని ప్రశ్న. తెల్లారి రజిత చెప్పుల కోసం అయిజ పోయింది. బాలమణి కోళ్లను అప్పజెప్పడానికి పక్కింటి జహీరున్నీసా దగ్గరికి పోయింది. ఇల్లు ఖాళీ అవగానే అతను గుమ్మం ముందు టార్పాలిన్ పరిచి, బియ్యం మూట, జొన్నపిండి, స్టవ్వు, రొట్టెల పెనం దాని మీదికి చేర్చాడు. కట్టడానికి తాళ్లు చాలలేదు. దుకాణానికి పోయాడు.

పొరపాటు అక్కడ జరిగింది. ఆ ఊళ్లో మేస్త్రి గుమ్మం ముందు టార్పాలిన్ పరిచాడంటే గుంపు బయల్దేరుతుందని అర్థం. చాటింపు ఉండదు, అడగడం ఉండదు. రాదలచినవాడు తన మూట తెచ్చి దాని మీద పెడతాడు. ఎక్కడికి, ఏం పని అని అడిగితే మేస్త్రిని నమ్మనట్టు. పెట్టిన మూటను మేస్త్రి తీసేస్తే, ఆ మనిషి పనికి రాడని ఊరందరికీ చెప్పినట్టు. ఈ పద్ధతి పెట్టింది మాసయ్యే. మోకాళ్ల నొప్పుల్లో అతనే మరిచిపోయాడు.

ముందుగా చూసింది పాత గుంపు మనిషి పెద్దన్న. ఆ యేడు పత్తి ఎండింది, కాలువకు నీళ్లు రాలేదు, ఊళ్లో చేతినిండా పని ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అతను ఇంటికి పోయి మూట కట్టి, మేకలను బామ్మర్దికి అప్పగించి, తలుపుకు తాళం వేసి వచ్చాడు. అతన్ని చూసి ఇస్రాయేలు, ఇస్రాయేలును చూసి చెన్నయ్య. మాసయ్య తాళ్లతో తిరిగి వచ్చేసరికి టార్పాలిన్ అంచులు కనిపించడం లేదు.

అతను నిలబడి చూశాడు. మూట పెట్టినవాణ్ని ఎందుకు పెట్టావని అడగడం పద్ధతి కాదు. ఇది ఫ్యామిలీ ట్రిప్పు అని రజిత పదే పదే అన్నది. ఎవరెవరిని ఫ్యామిలీలో కలిపిందో అనుకున్నాడు.

బాలమణి పక్కింటి నుంచి వచ్చి చూసింది. మూటలను ఒక్క చూపుతో కలియజూసి, అలవాటు చొప్పున మనసులో బియ్యం కొలిచింది. కొలిచాక ఒళ్లు మండింది.

"ఓడ మీద గూడ నాతోటి వండిపిస్తవా?"

"నేనేమన్ననే? నీ బిడ్డను అడుగు."

"నా బిడ్డ స్టవ్వు వద్దన్నది. గా స్టవ్వు ఎవలది?"

మాసయ్య స్టవ్వును బియ్యం మూట వెనక్కి జరిపాడు.

రజిత చెప్పులతో వచ్చింది. అరుగు నిండా మనుషులను చూసి సాగనంపడానికి వచ్చారనుకుంది. మూటలు ఎట్లాగూ తండ్రివే అనుకుంది, ఆయన సంగతి తెలిసిందే. మనసు నిండి అందరికీ టీ పోసింది. పెద్దన్న టీ తాగుతూ నేల చూసుకుంటూ అడిగాడు. మేస్త్రిని అడగకూడదు గానీ మేస్త్రి కూతుర్ని అడగకూడదని ఎక్కడా లేదు.

"ఆడ పండుకునేతానికి జాగ ఎట్లుంటదమ్మా?"

"ఏసీ రూములు మామా. మెత్తటి పరుపులు."

"తిండి?"

"ఎంత తింటే అంత. పొద్దంత పెడుతనే ఉంటరు."

"మరి పని?"

"పనేంది మామా. తినుడు, పండుడు, నీళ్లు సూసుడు."

పెద్దన్న ఇస్రాయేలు వైపు చూశాడు. ఇస్రాయేలు కాసేపు ఆలోచించాడు. "నీళ్లు సూసుడంటే వాచ్‌మన్ పని. డ్యామ్ కాడ," అన్నాడు మెల్లగా.

టీ గ్లాసులు కడిగేలోగా ఆ మాట ఊరు దాటింది. ఇంకొన్ని మూటలు వచ్చాయి. ఒకతను అత్తను కూడా తెచ్చాడు. జహీరున్నీసా గోడ మీది నుంచి తల పెట్టింది.

"అక్కా, చెన్నై కాడ డ్యామ్ కట్టిండ్రంట గద. మా పిల్లగాడు షాకీర్ ఖాళీగనే ఉన్నడు. జర మేస్త్రికి చెప్పరాదు?"

"నాకేం తెల్వదు జహీరమ్మా. నన్ను అడిగి చేసినోళ్లెవలు?" అంది బాలమణి. మంచం కింది పెట్టెను తెచ్చుకొని దాని మీద కూర్చుంది. షాకీర్ కూడా మూట తెచ్చాడు.

గద్వాల స్టేషనుకు మాట్లాడిన టెంపో వచ్చింది. మూటలు ఎక్కాయి, మనుషులు ఎక్కారు. అప్పుడు రజితకు ఏదో తేడా కొట్టింది.

"నాయినా, గింత మంది గద్వాల దాంక ఎందుకు?"

"నువ్వు పిల్వలేదా?"

"నేనా?"

తండ్రీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈలోగా పెద్దన్న తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. "ప్రార్థన చెయ్యి మేస్త్రీ. టైమైతుంది," అన్నాడు.

గుంపు కదిలే ముందు ప్రార్థన మేస్త్రిదే. పోయే ఊరు చెప్పి, చేసే పని చెప్పి, దీవించమని అడగాలి. అందరూ తలలు వంచారు. షాకీర్ తన పద్ధతిలో అరచేతులు పైకి పట్టాడు. మాసయ్య కళ్లు మూసుకున్నాడు. జీవితంలో గుత్తేదార్లకు అబద్ధం చెప్పాడు, కండక్టర్లకు చెప్పాడు, పోలీసులకు చెప్పాడు. ప్రార్థనలో ఎప్పుడూ చెప్పలేదు.

"ప్రభువా, మేము చెన్నైకి పోతున్నం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"ఆడ ఓడ ఎక్కుతున్నం."

స్తోత్రం కొంచెం తగ్గింది.

"ఆ ఓడల పని లేదు తండ్రీ. సముద్రం సూసి వాపస్ వస్తం. టికెట్లు మా ఇంటోళ్ల మటుకే ఉన్నయి. ఈ మూటలు ఎట్ల వచ్చినయో నీకే తెల్సు."

"ఆమెన్," అని బాలమణి ఒక్కతే అంది.

ఎవరూ కళ్లు తెరవలేదు. తెరిస్తే ఏదో ఒకటి మాట్లాడాలి. పెద్దన్న కళ్లు మూసుకునే అన్నాడు, "ఇంటికి తాళమేసిన మేస్త్రీ." అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే మాసయ్యకు కొంత సుఖంగా ఉండేది.

అతను టెంపో అంచున కూర్చుని, రాయచూరు వైపు కాలువ పని చేయించే పాత గుత్తేదారుకు ఫోను చేశాడు. అతనికి మనుషులు కావాలి. కానీ మేస్త్రి లేని గుంపు వద్దన్నాడు. మాసయ్య ఫోను జేబులో పెట్టి బాలమణి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. అది చూసిన ప్రతిసారీ ఏదో ఒక ఊళ్లో పొయ్యి అంటించింది.

బాలమణి లేచింది. స్టవ్వు ఉన్న టెంపో ఎక్కుతుందని అందరూ జరిగి చోటిచ్చారు. ఆమె పెట్టె పిడిని బయటికి లాగింది.

"నువ్వు పో. మనుషులు నీవోళ్లు, మాట నీది. నేను ఓడకు పోత."

"మరి వంట?"

"స్టవ్వు కట్టినోనికి వండుడు రాదా?"

"అమ్మా, నాయిన టికెట్ ఖరాబైతది," అంది రజిత.

"కానీ. పక్క జాగ ఖాళీగుంటే కాళ్లు సాపుకుంట," అంది బాలమణి, ఆటోను చేయెత్తి ఆపుతూ.

మర్నాడు సాయంత్రం కాలువ గట్టు మీద, కర్రలకు కట్టిన టార్పాలిన్ నీడలో గుంపంతా వరుసగా కూర్చుంది. మాసయ్య వడ్డించాడు. అన్నం ఒక పక్క ముద్దయింది, ఒక పక్క పలుకుగా ఉంది. పెద్దన్న మొదటి ముద్ద తిని ఇస్రాయేలును చూశాడు. ఇస్రాయేలు కాలువను చూశాడు. వండింది మేస్త్రి, వంక పెడితే మేస్త్రిని నమ్మనట్టు. మాసయ్య కూడా కూర్చుని, ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, రెండో ముద్ద కలుపుకున్నాడు. అందరూ తలలు వంచుకొని కంచాలు ఖాళీ చేశారు.

పప్పులో ఉప్పు లేదు. ఆ మాట ఎవరితో అనాలో ఆ బాలమణి అప్పటికి సముద్రం మీద ఉంది.