మూల చేనులో తెల్ల గీత

తళి దగ్గర జయరామప్పది మూడు మూలల చేను. ఆ పొద్దున దాంట్లో క్యాబేజీ నారు నాటించి, ఎండెక్కేలోగా హోసూరు పోయి మందులు తెచ్చుకోవాలనుకున్నాడు. కాఫీ తాగి చేను గట్టెక్కాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే నిలబడిపోయాడు.

రోడ్డు మూల నుంచి ఎదుటి గట్టు నడిమికి, తాడు పట్టి గీసినట్టు తెల్లటి గీత!

హోసూరు చుట్టుపక్కల చేనులో తెల్ల గీత పడిందంటే అర్థం ఒక్కటే. మొదట గీత, తరువాత రాళ్లు, ఆపైన ఇళ్ల సైట్లు. నాయన పోయాక కూడా పంచుకోకుండా జయరామప్పా, తమ్ముడు శశికుమారూ కలిసి సేద్యం చేస్తున్న చేను అది. భాగం కావాలని నోటితో అడగడానికి మొహం చెల్లక, తమ్ముడు ముగ్గుపిండితో అడిగాడన్నమాట!

ఇంటికొచ్చి తల్లి చిక్కమ్మతో చెప్పాడు. "అమ్మా, నీ చిన్నకొడుకు భాగం అడగతా ఉండాడు. చేనులో గీత కూడా గీసేసినాడు."

చిక్కమ్మ చేతిలో చేట వదిలేసి గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని శశికుమార్ చేనుకు పరుగెత్తాడు. గీత చూసి, అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"అన్నా, దొంగతనంగా గీస్తావా? నన్ను ఒక్క మాట అడగకూడదా?"

"గీసింది నువ్వు కాదా?"

"నాకేం ఖర్మ!"

ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. శశికుమార్ భార్య మంజుశ్రీ మాత్రం ఆలస్యం చేయలేదు. గిన్నెలు రెండు కుప్పలు పోసి, "గ్రైండరు మా పుట్టింటోళ్లు ఇచ్చినది బావా" అంది. ఇంతలో రోడ్డున పోతూ గీత చూసిన బ్రోకరు మంజునాథ్ వాకిట్లో బండి ఆపాడు.

"ఏ సగం అమ్ముతారప్పా? జూజువాడిలో కొనే పార్టీ రెడీగా ఉంది."

"బోరు ఉండే సగం నాది!" జయరామప్ప నోరు జారింది. ఆ మాటకు అందరికంటే ముందు అతనే అదిరిపడ్డాడు.

"అదెట్ల? నిలబడి బోరు వేయించింది నేను!" అన్నాడు శశికుమార్.

అప్పుడు బడికి తయారై బయటికొచ్చింది జయరామప్ప కూతురు కావ్యశ్రీ. ఆరో తరగతి.

"నాయనా, నా గీత తొక్కినారా ఏమి? అవ్వ ముగ్గుపిండి డబ్బా అంతా అయిపోయింది దానికి!"

వాకిలంతా నోరు తెరిచింది. కావ్యశ్రీ జామెట్రీ బాక్సులోంచి రెండు మూలమట్టాలు తీసింది.

"ఈ పొడుగుదాన్ని కాయితమనుకుని ఎట్ల మడిచినా సగం మీద సగం కూర్చోదు. దీనికి సౌష్టవ రేఖ లేదు. ఇదేమో రెండు పక్కలు సమానం, నడిమికి మడిస్తే కూర్చుంటుంది. మన చేను అచ్చం దీని మాదిరే ఉందని నిన్న సాయంత్రం గీసినాను. ఏ సగమైనా ఒకటే నాయనా."

అన్నదమ్ములు సిగ్గుతో తలలు దించుకున్నారు. చిక్కమ్మ కళ్లు తుడుచుకుని మనవరాలిని అడిగింది.

"ఒకటే ఎట్లయితుందే? బోరు ఒక పక్కే ఉందే!"

కావ్యశ్రీ మూలమట్టం మీద బోరు ఉండే చోట వేలు పెట్టి చూసింది. "అవునవ్వా. మడిస్తే బోరు మీద బోరు పడాల. పడదు."

"అయితే?" అన్నదమ్ములు ఒక్క గొంతుతో అడిగారు.

"అయితే మన చేనుకు గీత లేదు."

జయరామప్పకు ప్రాణం లేచి వచ్చింది. తమ్ముడి భుజం మీద చెయ్యేసి చేనుకు నడిచాడు. ఇద్దరూ చెరోవైపు నుంచి గీతను కాళ్లతో చెరిపేశారు. మంజునాథ్ బండి తిప్పుకున్నాడు.

సౌష్టవ రేఖ లేని ఆకారం ఒకటి చెప్పమని బడిలో అడిగితే, కావ్యశ్రీ లేచి "మా చేను" అంది. టీచరు తప్పన్నారు, ఇంట్లో మాత్రం అందరూ రైటన్నారు.