ఒరిగిన గర్భసంచి వల్ల ఒనగూడే లాభాలు

ఆడదానికి గర్భసంచి వెనక్కి ఒరిగి ఉండటమంత అదృష్టం ఇంకొకటి లేదు. నవ్వకండి. నమ్మకం కుదరకపోతే రేపల్లెలో శేషారత్నం సంగతి వినండి.

శేషారత్నం పిట్టలవానిపాలెం పిల్ల. జగన్నాథరావుని చేసుకుని రేపల్లెకు కాపురానికొచ్చింది. ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. అత్తగారు సుబ్బరత్నమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి పంతొమ్మిదివందల అరవై ఏడులో కోడల్ని పాసింజరు రైలెక్కించి తెనాలి తీసుకెళ్లింది, లేడీ డాక్టరు దుర్గాంబగారి దగ్గరికి.

దుర్గాంబగారు పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ చెప్పింది. "గర్భసంచి కాస్త వెనక్కి ఒరిగి ఉందండి. చాలామందికి ఉంటుంది, కొందరికి ముక్కు పక్కకున్నట్టు. దానివల్ల పిల్లలు పుట్టకపోవటమంటూ ఏం లేదు. ఈసారి మీ అబ్బాయిని తీసుకురండి, ఆయనక్కూడా ఒక పరీక్ష చేయిద్దాం."

ఇన్ని మాటల్లో సుబ్బరత్నమ్మ రేపల్లె మోసుకొచ్చింది 'ఒరిగింది' అన్న ఒక్క మాటే. ఇక అక్కణ్ణుంచి శేషారత్నం దశ తిరిగింది.

ఒరిగిన సంచితో వంగకూడదు గనక బావిలో నీళ్లు తోడే పని తప్పింది. రుబ్బురోలు దగ్గర కూర్చోకూడదు గనక ఇడ్లీ పిండి అత్తగారే రుబ్బింది. బోర్లా పడుకుంటే సంచి ముందుకు జారుతుందని ఎదురింటి బసవమ్మ చెప్పింది గనక, అన్నం తిన్నాక పొట్టకింద దిండు పెట్టుకుని వారపత్రికల్లో సీరియళ్లు చదవటం ఆమెకు డ్యూటీ అయింది. కృష్ణా డెల్టా మొత్తంలో ఇలాంటి ఉద్యోగం ఏ కోడలికి దొరికింది చెప్పండి?

ఊరికీ లాభమే! బస్సు గతుకులకు సంచి ఇంకా ఒరుగుతుందని ఒక పార్టీ, ఆ గతుకులకే లేచి నిలబడుతుందని ఇంకో పార్టీ. పాలు పోసే యలమంద కూడా చెంబులోకి పాలు వంపుతూ, "ఏ పక్కకమ్మా?" అనడిగాడు, మంచి మనసుతోనే. శేషారత్నం "వెనక్కి" అని చెప్పి పాలు తీసుకుని లోపలికెళ్లింది. ఆ రోజు సీరియల్ చదవలేదు.

జగన్నాథరావు గురించి మాత్రం ఎవరూ ఏ పక్కకని అడగలేదు. మగవాడి సామానంతా నిటారుగానే ఉంటుందని లోకానికి గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం బోర్లా పడుకుని ఉండగా వసారాలోంచి అత్తగారి గొంతు వినపడింది. "దీనివల్ల ఇంక కాదులే బసవమ్మా. చెరుకుపల్లిలో ఒక పిల్ల ఉందట. మావాడికి చెబుతా."

శేషారత్నం పత్రిక మూసింది. లేచి, పొట్టకింది దిండు తీసి మంచం మీదే పడేసింది. బావి దగ్గరికెళ్లి నీళ్లు తోడుకుని మొహం కడుక్కుంది.

సాయంత్రం మొగుడికి కాఫీ ఇస్తూ అడిగింది. "ఇంకో పెళ్లి చేసుకుంటారా?"

జగన్నాథరావు చెడ్డవాడు కాదు. తల్లికీ పెళ్లానికీ ఇద్దరికీ ఎదురుచెప్పటం చేతకానివాడు, అంతే. "అమ్మ అంటోంది" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"చేసుకోండి. ముందు తెనాలి డాక్టరమ్మ మీకు చెప్పిన ఆ పరీక్షేదో చేయించుకుని చేసుకోండి. వచ్చేదానికి సంచి గడకర్రలా నిలబడి ఉండి కూడా పిల్లలు పుట్టలేదనుకోండి, అప్పుడు ఊరు ఎవరివంక చూస్తుంది?"

అతను వారం తిరక్కుండా పరీక్షకు బయల్దేరాడు.

తెనాలి వెళితే తెలిసినవాళ్లు కనపడతారని బాపట్ల వెళ్లాడు. ఇంట్లో విత్తనాల పరీక్షకని చెప్పాడు. అది పూర్తిగా అబద్ధమని ఎలా అంటాం? పాత ఇన్ఫెక్షన్ ఒకటుందనీ, మందులు వాడితే నయమవుతుందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ కబురు పెళ్లానికి ఒక్కదానికే చెప్పాడు, అదీ గోడవైపు తిరిగి. మాత్రలు పశువుల మందులన్న పేరుతో గొడ్లసావిట్లో దాచుకుని మింగాడు. చెరుకుపల్లి పిల్ల మాట వచ్చినప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లితో వద్దన్నాడు.

మరుసటి ఏడు శేషారత్నానికి నెల తప్పింది. సంచి ఎలా ఒరిగి ఉందో అలాగే ఉందనీ, నెలలు నిండేకొద్దీ అదే పైకి లేస్తుందనీ దుర్గాంబగారు చెప్పింది. అంతా దిండు మహిమేనని సుబ్బరత్నమ్మ ఊరంతా చెప్పుకుంది. నెలలు నిండి పండులాంటి ఆడపిల్ల పుట్టింది.

పాపకు అన్నప్రాసన చేసిన నెలలోనే సుబ్బరత్నమ్మ కూతురు ప్రమీల కొల్లూరులో అత్తారింటి నుంచి ఏడుస్తూ వచ్చింది. ఇంకా పిల్లల్లేరని వాళ్లత్తగారు ఎవరో డాక్టరుకు చూపిస్తే, ప్రమీలకూ గర్భసంచి ఒరిగిందన్నారట. ఇక కొడుక్కి వేరే సంబంధం చూసుకుంటామంటున్నారట.

సుబ్బరత్నమ్మ దిండు తేవద్దూ? అంత అనుభవమున్న మనిషి! కానీ ఆవిడ కొంగు దోపుకుని లేచింది.

"ఒరిగితే ఏంటంట? చాలామందికి ఉంటుంది, దానివల్ల పిల్లలు పుట్టకపోవటమంటూ ఏం లేదు. తెనాలి డాక్టరమ్మ నా ఎదురుగా చెప్పింది. అసలు వాళ్లబ్బాయికి పరీక్ష చేయించారా? మగాడిలో లోపం ఉండకూడదా? అంతా నా పిల్ల మీదికే తోస్తారేంటి?"

జగన్నాథరావు లేచి చెప్పులు వెతుక్కోసాగాడు.

శేషారత్నం పాప నోట్లో మెతుకులు పెడుతూ, తలెత్తకుండా అంది. "బాగా అడిగారత్తయ్యా. వాళ్లబ్బాయిని బాపట్ల వెళ్లమనండి. డాక్టరు అడ్రసు మీ అబ్బాయినడగండి, ఆయనకు తెలుసు."