ఒక సైనికుడు, రెండు గడులు

యుద్ధానికి అన్నిటికంటే ముందు కావలసింది శత్రువు కాదు, పట్టిక. 1968 జూలైలో మా తమ్ముడు కంఫోన్ వియత్నాం వెళ్ళడానికి సంచి సర్దుకుంటున్నప్పుడు, తీసుకెళ్ళవలసిన వస్తువుల పట్టికలో నలభై రెండు ఉన్నాయి. మా అమ్మ మరో మూడు చేర్చింది: ఎండుచేపల కారం సీసా, మెళ్ళో రక్షగా వేసుకునే పదకొండు బుద్ధుడి బిళ్ళలు, తన కట్టుబట్ట అంచు నుంచి చింపిన ముక్క.

"ఇన్ని మెళ్ళో వేసుకుంటే తూటా తగలక్కర్లేదమ్మా, మెడే విరిగిపోతుంది," అన్నాడు వాడు.

"నోరు మూసుకుని వంగు," అంది అమ్మ.

అంతకు వారం ముందే వాణ్ణి గుడికి తీసుకెళ్ళింది. మంగళవారం పుట్టినవాడికి ఆ పేరు చేటు చేస్తుందని పెద్ద భిక్షువు చెప్పి, మానిత్ అని కొత్త పేరు పెట్టారు. దూరం వెళ్ళేముందు పేరు మార్చుకోవడం బ్యాంకాక్ దగ్గర మా సుఫాన్‌లో జుట్టు కత్తిరించుకున్నంత మామూలు. దరఖాస్తు నేనే రాశాను. జిల్లా కార్యాలయం వాళ్ళు వెంటనే ముద్ర వేశారు. (వెంటనే అంటే, వాడు ఓడెక్కిన మూడు వారాలకు.)

ఇక తమ్ముడు చేరిన బ్రిగేడ్ నిర్మాణం. మూడు పదాతి దళాలు, ఒక ఫిరంగి దళం, వంతెనలు కట్టేవాళ్ళు, వైద్యులు, వంటవాళ్ళు. అమెరికావాళ్ళు పంపిన పట్టికలో మనిషికొక గడి. (బూట్లు కూడా వాళ్ళే పంపారు. అవీ మావాళ్ళకు వదులే.) గడిని నింపవచ్చు గానీ కొట్టివేయకూడదు. కొట్టివేస్తే మొత్తం తేడా వచ్చి, మిత్రదేశానికి మా మీద నమ్మకం సడలుతుంది.

అందువల్ల ముద్ర పడిన కాగితం డిసెంబరులో శిబిరం చేరగానే, పేర్ల విభాగం మేజర్ గారు కంఫోన్ జోలికి పోకుండా మానిత్‌కు కొత్త గడి ఇచ్చారు. చేరిన తేదీ: డిసెంబరు 16. ఆ రోజు నుంచి మా తమ్ముడు ఇద్దరు. మానిత్ రోజూ గస్తీకి వెళ్ళాడు. కంఫోన్ ఎక్కడా కనబడలేదు గనుక మూడుసార్లు హెచ్చరించారు. తర్వాత చూస్తే అతని మీద ఒక్క ఫిర్యాదూ లేదు, ఒక్క తూటా వృథా చేయలేదు. మెచ్చి వంటసరుకుల కొట్టుకు మార్చారు, సత్ప్రవర్తన పత్రం ఇచ్చారు. "వాడు నాకంటే బాగుపడుతున్నాడక్కా," అని తమ్ముడు ఉత్తరం రాశాడు.

సైనికుడు అక్కడ ఉండవలసింది ఒక ఏడాది. కంఫోన్ ఏడాది జూలైతో అయిపోతుంది. మానిత్‌ది డిసెంబరు దాకా ఉంది. నేను బ్యాంకాక్‌లో సైన్యం కార్యాలయానికి వెళ్ళి రెండు పూటలు వరసలో నిలబడ్డాను. కిటికీ అవతల సార్జెంట్ జరూన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చూశాడు.

"మనిషి ఒక్కడే కదా బాబూ," అన్నాను.

"మనిషి ఒక్కడే అక్కా. ఏడాదులే రెండు."

జూలై 24న ఓడ వచ్చింది. అమ్మా నేనూ రేవుకు వెళ్ళాం. కంఫోన్ పేరు పిలిచారు. ఎవరూ దిగలేదు. అధికారి ఏమాత్రం తొణకకుండా పూలమాల అమ్మ మెళ్ళో వేసి, సైనికుణ్ణి క్షేమంగా అప్పగించుకున్నట్టు వేలిముద్ర వేయమన్నాడు. అమ్మ వేయనంది. వేయకపోతే ఈ దస్త్రం మూతపడదనీ, ఇది మూతపడకపోతే మానిత్ తిరుగు ప్రయాణం కాగితం కదలదనీ ఆయన మర్యాదగా వివరించాడు. అమ్మ వేసింది. వేలికంటిన సిరా తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చారు. (ఏర్పాట్లలో లోపమంటూ లేదు.)

బస్సులో అమ్మ పూలమాల తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది.

"పేరు మార్చకపోతే ఇవాళ దిగేవాడు కదే?"

ఎండ పడుతోంది, కిటికీ వెయ్యనా అన్నాను.

కంఫోన్ 1969 జూలై 24న తిరిగొచ్చాడు. మానిత్ రాలేదు. నవంబరు 9, ఆదివారం, గస్తీలో తూటా తగిలింది.