కుడి దిక్కు లూజు

బుధవారం పొద్దున సదానందం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరింటికి సైకిల్ వెనక చక్రం వంకర తీయాలి. ఎనిమిదింటికి స్నానం, పదింటికి ఆఫీసు, పదకొండింటికి పెద్దసారు దగ్గర మీటింగు. ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న సూపరింటెండెంట్ కుర్చీ ఆ మీటింగులో అతనికే దక్కుతుందని ఆఫీసంతా అనుకుంటోంది.

హంటర్ రోడ్డు గుంతలో పడ్డప్పట్నుంచి చక్రం ఊగుతోంది. మండిబజారులో సైకిల్ షాపు కరీముద్దీన్ కిస్తే గంటలో సరిచేసేవాడు. కానీ సదానందం ఫోనులో పన్నెండు నిమిషాల వీడియో చూశాడు. చక్రంలోని పుల్ల చివర, రిమ్ము దగ్గరుండే నట్టును అర చుట్టు తిప్పితే చాలట. "దీనికి కరీముద్దీన్ ఎందుకు?" అన్నాడు భార్య శోభారాణితో.

సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి అర చుట్టు తిప్పాడు. చక్రం ఇంకొంచెం ఊగింది. మరో అర చుట్టు. మరింత ఊగింది. నట్టును బయటి నుంచి చూస్తే బిగించే వైపు ఒకటి, లోపలి నుంచి చూస్తే ఇంకొకటి అని ఏడున్నరకి గాని అర్థం కాలేదు. అప్పటికి బిగిస్తున్నాననుకుంటూ కుడివైపు పుల్లలన్నీ వదులు చేసేశాడు. ఆ కసి ఎడమవైపు పుల్లల మీద తీర్చుకున్నాడు. చక్రం నూనెలో వేసిన అప్పడంలా మెలితిరిగింది.

"మీటింగుంది గదా, ఇడిచిపెట్టుండ్రి," అంది శోభారాణి.

"సగంల ఇడిచిపెడ్తె నాకు ఆఫీసుల కూసోబుద్ధయితదా? మొత్తం ఇప్పి మళ్ల కడ్త."

ముప్పై ఆరు పుల్లలూ ఊడదీశాడు. కుడివైపువి రవ్వంత పొట్టివి కాబట్టి విడిగా పేర్చాడు. శోభారాణి ఊడుస్తూ అన్నింటినీ ఒకే డబ్బాలో వేసింది. ఒక్కొక్కదాన్నీ స్కేలుతో కొలిచి వేరుచేసేసరికి పది దాటింది. ఈ ఒక్క వరస, ఈ ఒక్క వరస అనుకుంటూనే పదకొండు కూడా దాటించాడు.

ఫోను మోగింది. సదానందం చేతులు మోచేతుల దాకా గ్రీజు కావడంతో శోభారాణి ఎత్తింది. ఆఫీసు నుంచి జూనియర్ అసిస్టెంట్ మహిపాల్.

"అక్కా, సార్ ఏడున్నడు? పెద్దసారు రెండుసార్లు అడిగిండు."

"ఏం చెప్పాలె తమ్మీ, పొద్దుగాల్నుంచి చక్రంతోనే సరిపోతాంది."

లైను గరగరలాడింది. చక్రమన్న మాట మహిపాల్ చెవికి చక్కర్‌లా, అంటే కళ్లు తిరగడంలా, వినిపించింది. "చక్కర్ వచ్చిందా?"

"ఆ, చక్రమే. కుడి దిక్కు మొత్తం లూజయింది. ఎడమ దిక్కు బిగుసుకపోయింది. నిలబెడ్తె ఊగుడే."

మహిపాల్ గొంతు తగ్గించాడు. "మరి దవాఖానకు తీస్కపోలేదా అక్కా?"

మహిపాల్ వేళాకోళపు మనిషి. కరీముద్దీన్ షాపునే అలా అంటున్నాడనుకుంది శోభారాణి. "నేను గదే చెప్పిన. ఇంట్లనే సరిచేసుకుంట అంటాండు," అని పెట్టేసింది.

పన్నెండున్నరకి గేటు దగ్గర ఆటో ఆగింది. మహిపాల్, అతని వెనక కొబ్బరిబోండాలతో కిషన్ రావు దిగారు. సీనియారిటీలో సదానందం తర్వాతి పేరు కిషన్ రావుదే. "పక్షవాతమట గదా చెల్లె!" అన్న అతని గొంతు కిటికీలోంచి వినిపించింది.

చేతులు తుడుచుకునే గుడ్డ కోసం వరండాలోంచి లోపలికొచ్చిన సదానందం ఆ మాట విన్నాడు. మీటింగు ఎగ్గొట్టింది సైకిల్ చక్రం కోసమని తెలిస్తే మెమో ఖాయం. రోగం వచ్చిందంటే జాలైనా మిగులుతుంది. ఒక్క ఉరుకున మంచమెక్కి దుప్పటి మెడదాకా కప్పుకున్నాడు. శోభారాణి నోరు తెరవబోయి, భర్త కళ్లు చూసి మూసుకుంది.

మహిపాల్ వీడియో కాల్ కలిపాడు. తెరమీద పెద్దసారు. "సదానందం, కుడి చెయ్యి కొంచెం లేపు."

కుడి చెయ్యి నిండా గ్రీజు. లేపలేదు.

"ఎడమది?"

అదీ అంతే. పెద్దసారు నిట్టూర్చి, మందులు జాగ్రత్తగా వాడమని చెప్పి ఫోను పెట్టేశాడు. ఇంకో ఫోను చేయడానికి మహిపాల్ బయటికి నడిచాడు.

కిషన్ రావు మంచం మీద కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకు. పదిహేను రోజులు సెలవు రాయించిన. పెద్దసారు పొద్దున నీ పేరే రాసి పెట్టుకున్నడు. సంగతి తెల్వంగనె నా పేరు రాసిండు. ఆ కుర్చీల టెన్షన్ నీకిప్పుడు మంచిది గాదు."

సదానందం దుప్పటి తన్నేసి లేచాడు. "నాకేం కాలే అన్నా! చక్రం... సైకిల్ చక్రం చేస్తాన!" రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

కిషన్ రావు ఆ నల్లటి చేతులు చూశాడు. వరండాలో సగం కట్టిన చక్రం చూశాడు. అంతా అర్థమైంది. లేచి మెల్లగా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. సదానందాన్ని భుజాలు పట్టి పడుకోబెట్టి, దుప్పటి మళ్లీ మెడదాకా కప్పాడు.

"పండుకో సదానందం," అన్నాడు ఎంతో ప్రేమగా. "పెద్దసారుకు అబద్ధమాడినవని నేనెవ్వలకు చెప్ప. నువ్వు గూడ చెప్పకు."

నాలుగో రోజుకి చక్రం కుదిరింది. వేలితో తోస్తే వెంట్రుకవాసి కూడా ఊగకుండా తిరిగింది. పక్షవాతం వచ్చిన మనిషి సైకిల్ తొక్కుతూ కనిపిస్తే బాగుండదని శోభారాణి దాన్ని కరీముద్దీన్ కి అమ్మేసింది.